వెనక సందులో చిన్నత్త

పోయిన శుక్రవారం పొద్దున కార్పొరేషన్ వాళ్ళు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, మా ఇంటి వెనక సందు మొదట్లో నీలం రేకు బోర్డు ఒకటి కొట్టి వెళ్ళారు. పైన అరవం, కింద ఇంగ్లీషు, రెండింటిలోనూ మా మామగారి పేరే. మద్రాసు చూలైలో ఇంత పొడుగు సందుకి ఇన్నాళ్ళకి ఒక పేరు వచ్చిందని అందరూ సంతోషపడ్డారు. మామగారి మెడలో రోజాపూల దండ వేశారు. వార్డు పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుని మాట్లాడాడు.

"ఇది ఒకప్పుడు చెత్త పోసే కుప్పమేడు. ముక్కు మూసుకోకుండా ఎవురూ తొంగి చూసేదానికి లేదు. మన అయ్యవారు దినామూ ఈ సందులోనే నడిచిపోయినారు. ఆయన కాలు పెట్టినాకనే ఇది మనుషులు నడిచే చోటయింది."

అందరూ చప్పట్లు కొట్టారు. మేం ఆడవాళ్ళం ఎవరి పెరటి తలుపు దగ్గర వాళ్ళం నిలబడి ఉన్నాం. మామగారు ఆ సందులో ఎందుకు నడిచేవారో మాకందరికీ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకుని తల దించుకున్నాం. నా చెవులు రెండూ పొయ్యి మీద పెట్టినట్టు కాలిపోయాయి.

ఆ బోర్డు మీద ఉండాల్సిన పేరు వేరే ఉంది. అది నేనిక్కడ రాయడం లేదు. ఆమె బతికి ఉండగా ఆ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. మా అత్త "ఏమ్మే" అనేది, మామగారు పిలిచేవారే కాదు, మేమంతా చిన్నత్త అనేవాళ్ళం. మామగారికి సొంత చెల్లెలు. ఆయన్ని "గారు" అని రాస్తున్నాను కదా, ఆమెను అలా రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి తిరగడం లేదు. అలవాటంటే అంతే మరి, మంచిదైనా పాడుదైనా.

మా మామగారిది కొత్తవాలు చావడి బజారులో మిరపకాయల మండీ. రోజూ భోజనం చేసి, నుదుట బొట్టు దిద్దుకుని, భుజాన కండువా వేసుకునేసరికి మా అత్త వంటింటి గడపలో నిలబడి ఇత్తడి చెంబు మీద గరిటెతో టంగుమని ఒక దెబ్బ కొట్టేది. నేను నెల్లూరు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో అదేదో పూజ అనుకున్నాను. భక్తిగా చేతులు జోడించాను కూడా. చిన్నత్త నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"దేవుడికి గాదు పిల్లా, నాకు!" అంది. చేతిలో పని అక్కడే వదిలేసి, పెరటి తలుపు తీసుకుని వెనక సందులోకి వెళ్ళిపోయింది.

ఆమె చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. వ్యాపారానికి బయల్దేరే మగవాడికి అలాంటి ఆడది ఎదురుపడితే ఆ రోజు బేరం చెడుతుందని మా ఇళ్ళలో గట్టి నమ్మకం. పొరపాటున ఎదురొస్తే ఆయన వెనక్కి తిరిగి లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి. ఆ గొడవంతా లేకుండా, నోటితో పొమ్మనడం బాగుండదని మా అత్తే చెంబు పద్ధతి కనిపెట్టిందట. మా అత్త చెడ్డది కాదు. ఆడపడుచు మనసు నొప్పించకూడదని ఆ తిప్పలు పడింది.

చిన్నత్త మాత్రం దాన్ని వేళాకోళం చేసేది. "నేను ఎదురొస్తే కొత్తవాలు చావడిలో మిరపకాయల ధర దిగిపోతాదంట. కలెక్టరు గూడా దించలేడమ్మే, నేను దించుతా," అనేది. అలా అని రెండు చేతులూ నడుముకి పెట్టుకుని, గడ్డం పైకెత్తి, నిజంగానే ఏదో పెద్ద అధికారి లాగా నిలబడేది. నేను పగలబడి నవ్వేదాన్ని.

మామగారి జట్కా వీధి మలుపు తిరిగేదాకా ఆమె సందులో ఉండాలి. పెళ్ళిచూపులకి ఎవరైనా వచ్చినా, కొత్త సరుకు దించుతున్నా, ఇంట్లో నోములున్నా చెంబు మోగేది, ఆమె వెళ్ళేది. అలా చూస్తే మా ఇంట్లో మంచి జరిగిన రోజులన్నీ ఆమె ఆ సందులోనే గడిపింది.

ఆ సందు ఎలాంటిదో చెప్పాలి. రెండు వీధుల ఇళ్ళ వీపులు ఆనుకున్న చోటు అది. పాతకాలంలో దొడ్లు శుభ్రం చేసేవాళ్ళు అటునుంచే వచ్చిపోయేవాళ్ళు. భూమిలో గొట్టాలు వేశాక వాళ్ళ అవసరం తీరింది. ఇంకెవరూ అటు చూడలేదు. ఎవరిదీ కాని చోటు కదా అని అందరూ అక్కడే పారబోశారు. ఎంగిలాకులు, పగిలిన కుండలు, చిరిగిన పరుపులు, బూడిద. మా మండీలో పుచ్చిపోయిన మిరపకాయలు కూడా గోనెలకి గోనెలు అక్కడే పడేవి. ఆ ఘాటుకి ఆమె తుమ్ముతూ నిలబడేదని మా అత్తే ఒకసారి నవ్వుతూ చెప్పింది. మామగారి మిరపకాయలు ఆమె ఎదురుపడకుండా అమ్ముడుపోవాలి, అమ్ముడుపోనివి వచ్చి ఆమె ఎదుటనే పడాలి. ఈ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

మొదట ఆమె చేసిందల్లా ఒక వెదురు కర్రతో చెత్తను పక్కకి నెట్టి రెండు కాళ్ళు మోపే చోటు చేసుకోవడం. నెట్టేటప్పుడు చెత్తతో మాట్లాడేది. "కొంచెం జరుగు నాయనా, నేను గూడా మనిషినే," అనేది. మర్నాడు ఇంకాస్త జరిపేది. తరవాత ముక్కుకి కొంగు పెట్టుకోవడం మానేసింది. నేను కాపురానికి వచ్చేసరికి మా గోడ పొడుగునా నేల కనపడుతుండేది. పగిలిన కుండల్లో కరివేపాకు మొక్కలు, గోడ మీదికి కాకర తీగ. "ఎట్లా నిలబడేది తప్పదు గదా, చుమ్మా, ఊరికే నిలబడేదేంది?" అనేది.

చెత్త వేసేవాళ్ళని మాన్పించడానికి ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. మా పక్కింటాయన గుడ్డల వ్యాపారి. వాళ్ళ మేడ మీదినుంచి విస్తరాకులు వచ్చి సరిగ్గా ఆమె ఊడ్చిన చోటే పడేవి. రెండు మూడుసార్లు మర్యాదగా చెప్పింది. వినలేదు. ఒకరోజు ఆయన కొట్టుకి బయల్దేరే వేళకి ఈమె సందు చుట్టూ తిరిగి వెళ్ళి వాళ్ళ వీధి వాకిలి ఎదురుగా నిలబడింది. ఆయన గడప దాటాడు, ఈమెను చూశాడు, లోపలికి వెళ్ళి కూర్చుని నీళ్ళు తాగాడు. మళ్ళీ వచ్చాడు. ఈమె అక్కడే ఉంది. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తాగాడు. మధ్యాహ్నం దాటేదాకా ఆయనకి కొట్టు తెరవడం కుదరలేదు, కడుపు మాత్రం నీళ్ళతో నిండింది. మర్నాటినుంచి విస్తరాకులు ఆగిపోయాయి. ఆ కబురు వీధంతా పాకింది. ఒక్కొక్క ఇంటివాళ్ళూ చెత్త కార్పొరేషన్ తొట్టిలో వేయడం నేర్చుకున్నారు.

"మంచి మాటకి రాని బుద్ధి నా మొగం చూస్తే వస్తాది," అని చిన్నత్త ఆ రోజంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఒక మనిషి తన మొహాన్నే కర్ర లాగా వాడుకోవలసి వస్తే అందులో నవ్వుకోవడానికి ఏముందో, ఇప్పుడు ఎంత వెతుకుతున్నా నాకు దొరకడం లేదు.

ఎక్కడో ఇల్లు పడగొడుతుంటే గడప రాయి ఒకటి బండివాడితో బతిమాలి తెప్పించి సందులో వేయించింది. అప్పటిదాకా ఆమె నిలబడేది. రాయి వచ్చాక కూర్చుంది. అది చూసి మేమూ ఒక్కొక్కరం పెరటి తలుపులు తీశాం. వీధి వైపు తిన్నెలన్నీ మగవాళ్ళవి. అక్కడ పేపరు చదువుతారు, బేరాలు మాట్లాడతారు, పొడుం పీలుస్తారు. ఆడవాళ్ళు గడప దాటి ఆకాశం కింద ఊరికే కూర్చునే చోటు మా ఇళ్ళలో ఎక్కడా లేదు. మధ్యాహ్నం మూడు దాటితే సముద్రం గాలి ఆ సందులోకి నేరుగా వచ్చేది. ఇన్నేళ్ళు ఈ గాలి మన వీపుల వెనకే వీస్తోందా అని మేం ఆశ్చర్యపోయాం. బియ్యం ఏరుకుంటూ, జడలు వేసుకుంటూ, పిల్లలకి పాలిస్తూ సాయంత్రందాకా అక్కడే ఉండేవాళ్ళం. చిన్నత్త రాయికి ఒక చివర కూర్చుని అందర్నీ వేళాకోళం చేసేది.

ట్రాములు ఆగిపోయిన ఏడాది అది. రాష్ట్రం విడిపోతుందని, పట్నం తెలుగువాళ్ళదా అరవవాళ్ళదా అని ఎక్కడ చూసినా వాదనలే. మా తిన్నె మీద మామగారూ ఆయన స్నేహితులూ గొంతులు బొంగురుపోయేదాకా పట్నం మనదే అని అరిచేవాళ్ళు. ఆ అరుపులు ఇల్లు దాటి సందులోకి వినపడేవి. చిన్నత్త చెవి అటు పెట్టి వినేది.

"పట్నమంతా మనదేనంట మే," అంది ఒకరోజు. "అయితే వీధి వాకిలి గూడా మనదే అయ్యుంటాది. పొయ్యి కూసుందామా?"

అందరం గలగలా నవ్వాం. ఎవరూ లేవలేదు.

కార్పొరేషన్లో ఊడ్చే ఒకామె అటు వచ్చేది. నెల్లూరు వైపు మనిషి, మెడలో నల్లతాడుకి చిన్న శిలువ. వీధులన్నీ ఊడ్చి అలసిపోయి ఒకరోజు ఆ రాయి రెండో చివర కూర్చుంది. మేమందరం మాట ఆపేశాం. చిన్నత్త కూడా ఆపింది. నిజం చెప్పాలి, ఆమె వెళ్ళాక చిన్నత్త బిందెడు నీళ్ళు తెచ్చి రాయి కడిగింది. మర్నాడూ కడిగింది. ఇంకొన్నాళ్ళకి ఒకసారి బిందె ఎత్తి, ఏమనుకుందో ఏమో, ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసేసింది. "దీనికన్నా పనికొస్తాయి," అంది. ఆ తరవాత కడగలేదు. మేం మాత్రం ఆ చివర కూర్చునేవాళ్ళం కాదు. ఇప్పటికీ నేను ఆ సందులోకి వెళితే కాళ్ళు వాటంతట అవే ఈ చివరికి నడుస్తాయి.

ఇక నా గాజుల రోజు సంగతి.

నాకు ఏడో నెల. సీమంతానికి గాజులు తొడిగించాలి. మా ఇల్లు ఇరుకు, వచ్చే ముత్తైదువలు చాలామంది. ఎవరు అన్నారో గుర్తులేదు, "సందులో చేద్దామే, గాలిగా ఉంటాది," అన్నారు. అందరికీ నచ్చింది. చిన్నత్త తెల్లవారకుండానే లేచి సందు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఊడ్చి నీళ్ళు చల్లింది. మా అత్త ముగ్గులు పెట్టింది. కొబ్బరాకులతో పందిరి వేశారు. తరవాత చిన్నత్త వంటింట్లోకి వెళ్ళి పులిహోర, కొబ్బరన్నం, పెరుగన్నం కలపడంలో పడింది. ఆమె చేతి పులిహోర లేకుండా మా ఇళ్ళలో ఏ శుభకార్యమూ జరగదు. చెయ్యి పనికొస్తుంది, మొహం పనికిరాదు.

నన్ను పట్టుచీర కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. గాజులు తొడిగేదాకా లేవకూడదన్నారు. గాజులబ్బి పెట్టె విప్పాడు. మంచి వేళ అయింది. మా అత్త ఎప్పటి లాగే చెంబు తీసి టంగుమని కొట్టింది.

శుభం జరిగేటప్పుడు ఆ చెంబు మోగితే చిన్నత్త వెనక సందులోకి రావాలి. ఆమె వచ్చింది. పెరటి తలుపు తీసుకుని, పసుపైన చేతులు కొంగుకి తుడుచుకుంటూ, తెల్లచీరతో సరిగ్గా నా ఎదుట నిలబడింది.

అంతమంది ఆడవాళ్ళం, ఎన్ని రోజులనుంచో గాజుల రంగులూ తాంబూలాలూ అన్నీ ఆలోచించాం. శుభం వెనక సందులోకి వచ్చేస్తే ఆమె ఎక్కడికి పోతుందని మాత్రం ఒక్కరం ఆలోచించలేదు. అలవాటు కొద్దీ వచ్చిందో, మాకు గుర్తు చేయడానికే వచ్చిందో నాకు ఈరోజుకీ తెలీదు. గాజులబ్బి చెయ్యి నా మణికట్టు మీద ఆగిపోయింది. ఎవరో నా మొహానికి కొంగు అడ్డం పెట్టారు, కడుపులో బిడ్డకి దిష్టి తగులుతుందని. ఆ కొంగు కిందినుంచి నాకు ఆమె పాదాలు కనపడుతూనే ఉన్నాయి.

మా అత్త చెంబు పట్టుకునే అడ్డం వచ్చింది. "ఏమ్మే, ఈడ గాదు... ఈ పొద్దుకి ఈడ గాదు."

"అయితే యాడికి పోవల్ల వదినా?" అంది చిన్నత్త.

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడిగింది. లోపల దేవుడి ముందు కలశం పెట్టి ఉంది, అటు వెళ్ళకూడదు. వీధి వాకిట్లో మామగారు మండీకి బయల్దేరుతున్నారు, అటు అసలే వెళ్ళకూడదు. ఎవరైనా ఒక్కరు "ఉండు, ఏమవుతుంది" అనుంటే సరిపోయేది. సందంతా ముత్తైదువలం, నాతో సహా ఒక్కరం అనలేదు.

మాటలు ఆగిపోయేసరికి ఏమైందో అని మామగారు ఇంట్లోంచి నడిచి పెరటి తలుపు దగ్గరికి వచ్చారు. ఆ గడప ఆయన దాటడం అదే మొదటిసారి. దాటీ దాటగానే చెల్లెలు ఎదురుపడింది. ఒకే ఇంట్లో ఉంటూ, బయల్దేరే వేళప్పుడు ఆయన ఆమె మొహం చూసి ఎన్నేళ్ళయిందో. ఆయన కళ్ళు ఆమె మీద ఒక్క క్షణం నిలిచాయి. నాకు చాలా ఆశ పుట్టింది. ఏదో ఒకటి అంటారు, పేరు పెట్టి పిలుస్తారు అనుకున్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. లోపలికి వెళ్ళి పీట మీద కూర్చున్నారు. చెయ్యి చాపి, వెనకే వచ్చిన మా అత్త చేతిలో ఉన్న ఆ చెంబే తీసుకుని గుక్కెడు నీళ్ళు తాగారు.

కావాలని చేసింది కాదు. ఆలోచించి చేసిందీ కాదు. తుమ్మొస్తే తుమ్మినట్టు చేశారు. తెరిచిన తలుపులోంచి చిన్నత్త అదంతా చూసింది. ఆయన గొంతులో నీళ్ళు దిగడం కూడా చూసింది. ఆమె మొహంలో అప్పటిదాకా ఉన్న నవ్వు లాంటిది పోయింది. ముగ్గు తొక్కకుండా గోడ పక్కన నడుచుకుంటూ సందు మొదటికి వెళ్ళింది. అక్కడ ఊడ్చే ఆమె చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"యాడికమ్మా?" అని అడిగింది.

"ముందరికి," అంది చిన్నత్త.

తరవాత జరిగింది మాకు జట్కావాడు చెప్పాడు. ఆమె చుట్టూ తిరిగి మా వీధి వాకిటికి వెళ్ళింది. తిన్నె మీద మామగారి స్నేహితులు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ళ ముందు నిలబడి, "కొంచెం జరుగు నాయనా, నేను గూడా మనిషినే," అంది. చెత్తని నెట్టేటప్పుడు అనే మాటే, అదే గొంతుతో. వాళ్ళు జరగలేదు, అందరూ లేచి వెళ్ళిపోయారు. ఆమె కుడివైపు తిన్నె మీద కూర్చుంది. నా చేతులకి గాజులు తొడగడం పూర్తయి, అందరూ పులిహోర తిని, బాగుందని మెచ్చుకుని, తాంబూలాలు తీసుకుని వెళ్ళేదాకా అక్కడే కూర్చుని ఉంది.

మర్నాడు పొద్దున చెంబు మోగింది. చిన్నత్త పొయ్యి దగ్గరనుంచి లేచింది. పెరటి వైపు కాకుండా నడవలోంచి నేరుగా వెళ్ళి వీధి తిన్నె మీద కూర్చుంది. మా అత్త పరిగెత్తింది.

"ఏమ్మే, చెంబు వినపడలా?"

"వినపడింది వదినా. మోగితే బయటికి పోవల్ల, పోయినా గదా."

మామగారు కండువా సర్దుకుంటూ నడవలో నిలబడ్డారు. తలుపులోంచి చెల్లెలి వీపు కనపడుతోంది. లేచి లోపలికి రమ్మనలేదు. ఆమె పక్కనుంచి నడిచి వెళ్ళనూ లేదు. వంగి చెప్పులు చేత్తో పట్టుకుని, పెరటి తలుపు వైపు వెళ్ళారు. ఆ రోజునుంచి జట్కా సందు మొదట్లో ఆగడం మొదలుపెట్టింది. కార్పొరేషన్ వాళ్ళు కొట్టిన బోర్డు వెనక ఉన్న కథ ఇదే. ఆయన సందుని బాగుచేస్తూ నడవలేదు, చెల్లెలి మొహం తప్పించుకుంటూ నడిచారు.

సందులోకి చిన్నత్త మళ్ళీ రాలేదు. మేం మాత్రం సిగ్గు లేకుండా మామూలుగానే అక్కడ కూర్చున్నాం. అక్కడ నోములు చేసుకున్నాం, పేరంటాలు చేసుకున్నాం. ఒకసారి నా కూతుర్ని చంకనేసుకుని తిన్నె దగ్గరికి వెళ్ళి, గడప ఇవతలే నిలబడి, "సందులోకి రా చిన్నత్తా, గాలి బాగుంది," అన్నాను.

"అది పేరంటాల చోటయిపోయె గదమ్మే," అంది. "నేను నిలబడేదానికి చేసుకుంటి, మీరు కూసునేదానికి నేర్చుకుంటిరి. సరి, మంచిదే." తరవాత తిన్నె మీద అరచెయ్యి రాసి చూపించింది. "ఈడ ఒకటే ఎండ. ఈ కాలే రాయి కోసరమా ఈ మొగోళ్ళు ఇన్నాళ్ళూ మనల్ని రానీలా!"

ఆ మాటకి నేను నవ్వలేకపోయాను. ఆమె నా మొహం చూసి, "నవ్వు పిల్లా, నీ మీద కోపం లేదు," అంది. కోపం ఉండుంటే నాకు కాస్త బాగుండేది.

అలా ఏళ్ళ తరబడి తిన్నె మీదే కూర్చున్న చిన్నత్త పోయిన వానాకాలం జ్వరం వచ్చి కొద్దిరోజుల్లోనే పోయింది. వీధి వాకిట్లోంచే తీసుకెళ్ళారు. మామగారు కుండ పట్టుకుని ముందు నడిచారు. ఆ రోజు చెంబు మోగలేదు.

ఆమె పోయాక కూడా మామగారు సందులోంచే వెళ్తున్నారు. "ఇంక ముందరనుంచే పోవచ్చు గదా," అని మా అత్త మెల్లగా అంది ఒకరోజు. "అలవాటయిందిలే," అన్నారాయన. కుడివైపు తిన్నె మీద ఇప్పుడు ఎవరూ కూర్చోరు. ఎవరూ కూర్చోవద్దని చెప్పలేదు, అయినా కూర్చోరు.

శుక్రవారం దండ వేశాక మామగారిని రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన బోర్డు వైపు చూశారు, తరవాత నేల వైపు చూశారు. "నేను చేసిందేమీ లేదు," అన్నారు. ఆయన నోట ఆ సందు గురించి వచ్చిన నిజమైన మాట అదొక్కటే. జనం దాన్ని వినయం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన పెదవులు ఇంకేదో అనబోయినట్టు కదిలాయి. చప్పట్లు ఆగేసరికి ఆయన కూడా ఆగిపోయారు. మేం పెరటి తలుపులు వేసుకుని లోపలికి వచ్చేశాం.

ఆ మధ్యాహ్నం నాకు వంటింట్లో కాలు నిలవలేదు. పనులన్నీ అక్కడే వదిలేసి నడవలోంచి నేరుగా వెళ్ళి కుడివైపు తిన్నె మీద కూర్చున్నాను. ఆమె అంతకాలం కూర్చున్న చోట నేను ఒక్క పూట కూర్చోలేనా అనుకున్నాను. మెడలో సూత్రాలున్నాయి, చేతులనిండా గాజులున్నాయి, నేను ఎదురొస్తే ఎవరి బేరమూ చెడదు. రాయి నిజంగానే కాలుతోంది. ఎదురుగా దర్జీ మిషను తొక్కడం ఆపి చూశాడు. జట్కావాడు చూశాడు. దోవన పోతున్న పెద్దాయన ఒకడు ఆగి, "ఏమ్మా, ఎవురి కోసరం చూస్తుండావు?" అని అడిగాడు.

"ఎవురి కోసరమూ లేదు," అన్నాను.

ఆయన కదల్లేదు. ఆ జవాబు ఆయనకి సరిపోలేదు. నేను పైట సర్దుకున్నాను. కాళ్ళు లోపలికి ముడుచుకున్నాను. గాజుల చప్పుడు వినపడకుండా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. వీధంతా నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. చిన్నత్త ఇక్కడ ఎటు చూస్తూ కూర్చునేదో, చేతులు ఎక్కడ పెట్టుకునేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. నేను ఎప్పుడూ గడప ఇవతలనుంచి ఆమె వీపే చూశాను.

లోపల మా అత్త నిద్రపోతోంది. నన్ను ఎవరూ పిలవలేదు. "ఆ, వస్తన్నా అత్తా!" అని వీధికంతా వినపడేట్టు నేనే గట్టిగా అరిచి, గబగబా లేచి లోపలికి వచ్చేశాను.